వంగతోటలో మందుకన్నా ముందు కత్తెర – నా అనుభవం

వంగ వేశానని తెలిస్తే చాలు, ఎవరైనా మొదట అడిగేది ఒకటే: పుచ్చుకి ఏం మందు కొట్టావు? మందు పేరు చెప్పడం తేలికే, కానీ పేరు ఒక్కటే చెప్పి పంపిస్తే అడిగినవాళ్లకి పెద్దగా ఉపయోగం ఉండదు. మా తోటలో పుచ్చు తగ్గింది మందుతో కాదు, చేతిలో కత్తెర పట్టుకుని తోటంతా తిరగడంతో. మందు కూడా వాడాను, అది ఎప్పుడు, ఎందుకో కూడా చెబుతాను. నారు పోసిన దగ్గర్నుంచి మోళ్లు పీకేదాకా ఏం చేశానో వరసగా రాస్తున్నాను. వంగ వేసే ఆలోచనలో ఉన్నవాళ్లకి, ఇప్పటికే వేసి పుచ్చు చూసి టెన్షన్ పడుతున్నవాళ్లకి పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఈ పురుగు ఎలా బతుకుతుందో చెప్పాలి, అది తెలిస్తే మిగతా పనులన్నీ ఎందుకో అర్థమవుతాయి. మొవ్వు, కాయ తొలుచు పురుగు అంటారు, శాస్త్రీయ నామం ల్యూసినోడెస్ ఆర్బొనాలిస్. రెక్కల పురుగు చాలా చిన్నది, రెక్కలు విప్పితే 2 సెంటీమీటర్లు ఉంటుందేమో, తెల్లటి రెక్కల మీద గోధుమరంగు, నలుపు మచ్చలుంటాయి. పగలంతా ఆకుల మాటున దాక్కుని రాత్రిపూటే తిరుగుతుంది కాబట్టి ఎన్నో ఏళ్లుగా వంగ పండిస్తున్నవాళ్లలో కూడా దాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువే. ఆకు అడుగున, లేత మొవ్వుల మీద, మొగ్గల మీద, కాయ ముచ్చిక దగ్గర గుడ్లు పెడుతుంది. 3 నుంచి 5 రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల పురుగు వస్తుంది, వచ్చిన కొద్ది గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో దూరిపోతుంది. అక్కడి నుంచి దాదాపు రెండు వారాలు లోపలే. బాగా పెరిగాక కన్నం పెట్టుకుని బయటికొచ్చి, రాలిన ఆకుల్లోనో ఎండిన కొమ్మల మీదో మట్టి పైపొరలోనో గట్టి గూడు అల్లుకుంటుంది, వారం పది రోజుల తర్వాత అందులోంచి మళ్లీ రెక్కల పురుగు. అంటే వాతావరణం వేడిగా ఉంటే సుమారు నెల రోజులకో తరం. వంగ నెలల తరబడి కాసే పంట, మొదట్లో వచ్చిన నాలుగు పురుగుల్ని వదిలేస్తే కాపు మధ్యకి వచ్చేసరికి తరాల మీద తరాలు తయారవుతాయి.

మందు మీద మాత్రమే ఆధారపడితే ఎందుకు లాభం లేదో ఇక్కడే తెలిసిపోతుంది. మనం కొట్టే మందు పురుగు మీద పడాలంటే అది బయట ఉండాలి. బయట ఉండేది ఆ కొద్ది గంటలు. లోపలికి వెళ్లాక అది చుట్టూ కండతో, వెనక తన విసర్జనతో కన్నం మూసుకుని హాయిగా తింటుంటుంది, పైన ఎంత తడిపినా దానికి పట్టదు. పైగా వంకాయ కోత మూడు నాలుగు రోజులకొకసారి. కొన్ని మందులకి కొట్టిన తర్వాత కోతకి మధ్య ఆగాల్సిన రోజులు అంతకన్నా ఎక్కువే ఉంటాయి, ఆ సంగతి డబ్బా మీదే రాసి ఉంటుంది. కాయలు చెట్టున పెట్టుకుని అన్ని రోజులు ఎవరాగుతారు? ఆగకుండా కోస్తే తినేవాళ్ల కడుపులోకి మందు పోతుంది. ఇది నాకు అస్సలు ఇష్టంలేని పని, అందుకే కాపు దశలో మందు అవసరం వీలైనంత రాకుండా చూసుకోవాలని నారు పోసేముందే అనుకున్నాను.

నారుమడి మీద నాలుగు వైపులా సన్నటి నైలాన్ వల కట్టాం, కింద అంచులు మట్టి కప్పేశాం. 40 మెష్ వల అంటారు, అంటే అంగుళానికి 40 కన్నాలుండే వల, దాంట్లోంచి రెక్కల పురుగు దూరలేదు, దోమలు కూడా చాలావరకు ఆగుతాయి. నారు దశలోనే గుడ్లు మోసుకుని పొలంలోకి వెళ్తే అక్కడ చేసేది సగం వృథా. నాటేముందు ఇంకో పని కూడా చేశాను, చాలామంది పట్టించుకోని పని ఇది. పాత వంగ మోళ్లు కుప్పగా పడి ఉన్న చోటు దగ్గర్లో ఉంటే వాటిని తీసేయాలి. పోయిన పంట మోళ్లు వంటచెరకుకని గట్టున పేర్చి ఉన్నాయి, నాన్న ఒక కట్టె తీసి విరిచి చూపించారు. బెరడుని అంటిపెట్టుకుని బూడిద రంగులో గట్టి పట్టు గూళ్లు, ఒకదాంట్లో ఇంకా ప్యూపా (రెక్కల పురుగుగా మారబోయే దశ) ఉంది. "ఇక్కడుంచుకుని తోటలో ఎంత కొట్టినా ఏం లాభంరా" అన్నారు. ఆ కుప్ప మొత్తం తగలబెట్టాం. గట్ల మీద కామంచి మొక్కలుంటే అవీ పీకేశాం, వంగ జాతికి దగ్గరి చుట్టం కాబట్టి ఈ పురుగులకి అవీ ఆశ్రయమే, ముఖ్యంగా ఆకులు గీకి తినే అక్షింతల పురుగుకి.

దుక్కిలో పశువుల ఎరువుతో పాటు వేపపిండి వేశాం. యూరియా మాత్రం చేయి బిగబట్టి, కొద్దికొద్దిగా మూడు నాలుగు దఫాలుగా వేశాను. నత్రజని ఎక్కువైతే తోట నల్లగా నిగనిగలాడుతుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ మెత్తటి లేత ఆకు పచ్చదోమకి, పేనుబంకకి పండగే. సాళ్ల మధ్య దూరం కూడా కొంచెం ఎక్కువే ఇచ్చాను. గాలి, వెలుతురు ఒక కారణం, రెండోది అంతకన్నా ముఖ్యం: చెట్లు పెరిగాక ప్రతి మొక్క దగ్గరికీ మనిషి నడిచి వెళ్లగలగాలి, వంగి చూడగలగాలి. మొక్కల మధ్య కాలు పెట్టే చోటు లేకపోతే కత్తెర పని ఎవరూ చేయరు.

నాటిన మొదటి రోజుల్లో వచ్చేది మొవ్వు పురుగు కాదు, రసం పీల్చేవి. పచ్చదోమ ముందు వచ్చింది. ఆకు అంచులు పైకి ముడుచుకుని పసుపు తిరిగి, తర్వాత గోధుమ రంగుకి మాడిపోతాయి. ఆకు తిప్పగానే పచ్చటి చిన్న పురుగులు పక్కకి పక్కకి నడుస్తూ జారుకుంటాయి, అడ్డంగా నడుస్తున్నాయంటే అవి పచ్చదోమే. పసుపు రంగు జిగురు అట్టలు పెట్టాను, తెల్లదోమ వాటికి బాగా అంటుకుంది. అట్టలతోనే దోమ పోతుందని నేను చెప్పను, కానీ ఉధృతి పెరుగుతోందా తగ్గుతోందా అని రోజూ కంటికి కనపడుతుంది, అది చాలు. వాటితో పాటు వేపగింజల కషాయం మొదలుపెట్టాం.

కషాయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేప పనిచేయదు అనేవాళ్లలో చాలామంది దాన్ని సరిగ్గా చేయరు, సరైన వేళకి కొట్టరు. 5 శాతం కషాయం అంటే 10 లీటర్ల నీటికి అర కిలో వేపపప్పు పొడి. పప్పు ఆ ఏడాదిదే అయ్యుండాలి, బూజు పట్టిన పాత గింజల్లో సత్తువ ఉండదు. పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున మూటని బాగా పిసికి వడకట్టి, కొంచెం సబ్బు ద్రావణం కలపాలి, లేకపోతే ఆకు మీద నిలవకుండా జారిపోతుంది. తయారు చేసిన రోజే వాడేయాలి. కొట్టేది సాయంత్రం, ఎండ తగ్గాక. వేపలోని అజాడిరాక్టిన్ ఎండకి తొందరగా విరిగిపోతుంది, పట్టపగలు కొడితే పడిన శ్రమంతా వృథా. నాజిల్ని ఆకు అడుగుకి తిప్పి కొట్టాలి, ఎందుకంటే దోమలన్నీ ఉండేది అక్కడే. వేప తగిలిన వెంటనే పురుగులు రాలిపడవు. తిండి మానేస్తాయి, పిల్లలు సరిగ్గా కుబుసం విడవలేవు, గుడ్లు పెట్టడం తగ్గుతుంది. మర్నాడు వెళ్లి చూసి ఏమీ కాలేదని వదిలేయకూడదు, వారం పది రోజులకొకసారి వరసగా కొట్టుకుంటూ పోతేనే తేడా కనపడుతుంది, మాకు కనపడింది.

దోమల్ని ఊరికే వదలకూడదు అనడానికి ఇంకో పెద్ద కారణం వెర్రి తెగులు. కొన్ని మొక్కల్లో ఆకులు చిన్నచిన్నగా, మెత్తగా, గుంపులుగా వచ్చి చెట్టు గుబురుగా మారిపోతుంది, పూత పచ్చగా ఆకుల్లా తయారవుతుంది, కాయ పట్టదు. దీనికి కారణం ఫైటోప్లాస్మా అనే బాక్టీరియా లాంటి సూక్ష్మజీవి, దాన్ని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోసేది ఒక రకం ఆకు దోమ. తెగులు వచ్చిన మొక్కని ఏ మందూ బాగు చేయదు. మా తోటలో కనిపించిన మొక్కని కనిపించినట్టే వేళ్లతో సహా పీకి బయటికి తెచ్చి కాల్చేశాం. ఏపుగా, పచ్చగా ఉన్న మొక్కని పీకాలంటే మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు. అయినా పీకాల్సిందే, కాయలు కాయని చెట్టు కోసం చుట్టూ ఉన్న కాసే చెట్లని పణంగా పెట్టలేం.

ఇక అసలు కథ. మొక్కలు మోకాలెత్తు రాకముందే మొదటి మొవ్వు వాలింది. చెట్టంతా నిటారుగా, పచ్చగా ఉంటుంది, ఒక్క కొమ్మ చివర మాత్రం తల వేలాడేస్తుంది. నీళ్లు తక్కువై వాడిపోతే చెట్టంతా వాడుతుంది, ఇది అలా కాదు, ఒక్క చివరే. దగ్గరికెళ్లి చూస్తే వాలిన చోటికి కాస్త కింద చిన్న కన్నం, దాని నోటి దగ్గర పొడిపొడిగా గోధుమ రంగు విసర్జన. ఆ మొవ్వుని కోసి గోటితో నిలువునా చీల్చాను. లోపల దూటు తినేసి నల్లటి సొరంగం, దాని చివర తల కిందికి పెట్టి ఉన్న పురుగు. ఇంకా చిన్నది, పాలిపోయిన రంగు, తల మాత్రం ముదురు. పెద్దదైతే ఒళ్లంతా లేత గులాబీ రంగు తిరుగుతుంది. తోటలో పనిచేసేవాళ్లందర్నీ పిలిచి ఇది చూపించాను. ఒకసారి చీల్చి చూసినవాళ్లు ఆ తర్వాత వాలిన మొవ్వుని ఎంత దూరం నుంచైనా గుర్తుపడతారు, మాటలతో ఎంత చెప్పినా రాని నేర్పు అది.

అక్కడ్నుంచి వారానికి రెండుసార్లు తోటంతా కత్తెర తిప్పడం మొదలైంది. కోయడంలో ఒక పద్ధతుంది. వాలిన చోటికి కోసేసి వదిలేస్తే చాలదు, పురుగు కిందికి తొలుచుకుంటూ పోతుంది. వాలిన చోటికి ఒకటి రెండు అంగుళాలు కిందికి కోయాలి, కోసిన చోట దూటు చూడాలి: తెల్లగా, నిండుగా ఉంటే సరే, నల్లటి రంధ్రం కనపడితే పురుగు ఇంకా కిందే ఉంది, ఇంకొంచెం కిందికి కోయాలి. కోసిన మొవ్వులు అక్కడే సాళ్లలో పడేస్తే చేసిన పని మొత్తం దండగ. పురుగు చావలేదు కదా, ఎండిన మొవ్వులోంచి పాకుకుంటూ బయటికొచ్చి మట్టిలో గూడు కట్టుకుంటుంది. అందుకే నడుముకి సంచి కట్టుకుని అందులో వేసుకున్నాం. ఆ తర్వాత మూతి బిగించిన ప్లాస్టిక్ సంచుల్లో వేసి ఎండలో పెట్టేవాళ్లం, ఆ వేడికి లోపలివన్నీ చచ్చిపోయేవి. ఎండ లేని రోజుల్లో లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. మొవ్వు కోస్తే చెట్టు దెబ్బతింటుందేమో అని భయపడేవాళ్లకి చెబుతున్నాను, కోసిన చోట పక్క నుంచి కొత్త కొమ్మలు వస్తాయి, చెట్టు ఇంకా గుబురవుతుంది. ఎలాగూ పురుగు పడిన మొవ్వు ఎండిపోయేదే.

ఈ పనికి కూలి ఖర్చు ఎక్కువ అవుతుందని, ఎవరు చేస్తారని నన్ను చాలామంది అడిగారు. మొదట్లో వాలిన మొవ్వులు కొన్నే ఉంటాయి, సాళ్ల వెంట ఒక నడక నడిస్తే అయిపోతుంది. ఆ కొన్నింటిని వదిలేసి నెల తర్వాత మొదలుపెడితే మాత్రం నిజంగానే ఎవరివల్లా కాదు. మొదటి మొవ్వు వాలిన రోజే మొదలుపెట్టాలి అని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. ఇంకో మాట, పక్క తోట వాళ్లు కూడా చేస్తే ఫలితం ఎన్నో రెట్లు ఉంటుంది. రెక్కల పురుగుకి మన గట్టు, వాళ్ల గట్టు అని ఉండదు. మా పక్క పొలంలో వంగ వేసిన అన్నతో కూర్చుని మాట్లాడి, ఇద్దరం ఒకే రోజుల్లో కోయడం పెట్టుకున్నాం.

లింగాకర్షక బుట్టల మాట కూడా చెప్పాలి. ఆడ పురుగు మగవాటిని పిలవడానికి వదిలే వాసనని తయారు చేసి చిన్న రబ్బరు ఎరలో పెట్టి అమ్ముతారు, ఆ వాసనకి మగ పురుగులు వచ్చి బుట్టలో పడతాయి. వంగ పురుగు ఎరే కావాలని అడిగి తీసుకోవాలి. టమాటా కాయతొలిచే పురుగు ఎర పెడితే ఇక్కడ ఒక్కటీ పడదు, ఏ జాతి వాసన ఆ జాతిదే. బుట్ట ఎత్తు చెట్టు చివర్లకి సమానంగా ఉండాలి, చెట్టు పెరిగేకొద్దీ బుట్టని పైకి జరుపుకుంటూ పోవాలి. ఈ పురుగు ఎత్తుగా ఎగరదు, తోట మీద ఒక మూర పైన వేలాడే బుట్ట పెట్టి పడలేదనడం సరికాదు. ఎరని ఉత్త చేత్తో పట్టుకోకూడదు, చేతికున్న పొగాకు, మందు వాసన అంటుకుంటుంది. నెలకొకసారి మార్చాలి, మిగిలిన ఎరల్ని ప్యాకెట్ విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. పురుగు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఎక్కువవుతోందో తెలియడానికి ఎకరానికి కొన్ని బుట్టలు సరిపోతాయి. మగవాటిని తుడిచిపెట్టి సంతతి తగ్గించాలంటే మాత్రం బుట్టకి బుట్టకి 10 మీటర్ల దూరంలో, ఎకరానికి 40 దాకా కావాలి. నేను ఎక్కువే పెట్టాను. పొద్దున్నే బుట్టలు చూసుకుని, పడినవి ఒక్కసారిగా పెరిగిన వారం వేపకషాయం తప్పకుండా పడేలా, కత్తెర పని ఒకరోజు ముందే జరిగేలా చూసుకున్నాను.

ట్రైకోగ్రామా కార్డులు కూడా వాడాం, అంటే ట్రైకోగ్రామా పిల్లలున్న గుడ్లు అంటించిన అట్టలు. కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతి పురుగు అది, మొవ్వు పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. పురుగు లోపలికి దూరకముందే, గుడ్డు దశలోనే దొరుకుతుంది కాబట్టి ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది. కార్డు ముక్కల్ని సాయంత్రం పూట ఆకు అడుగున పిన్ను కొట్టాలి, చీమలు తినకుండా చూసుకోవాలి, అటూ ఇటూ కొన్ని రోజులు విష మందు ఏదీ కొట్టకూడదు. కార్డు కట్టి మర్నాడు గట్టి మందు కొడితే మన మిత్రుల్ని మనమే చంపుకున్నట్టు.

ఇంతలో అక్షింతల పురుగు దిగింది. ఆకు మీద పచ్చదనం గీకి తినేసి ఈనెలు మాత్రం వదులుతుంది, రెండు రోజులు చూడకపోతే ఆకు జల్లెడ అయిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. ఇది చూడ్డానికి పేనుబంకని తినే మిత్ర పురుగులానే గుండ్రంగా, చుక్కలతో ఉంటుంది. మిత్ర పురుగు ఒళ్లు నున్నగా మెరుస్తుంది. అక్షింతల పురుగు మెరవదు, మట్టి కలిసిన నారింజ రంగు, వీపు మీద సన్నటి నూగు, చాలావాటికి 28 నల్ల చుక్కలు. దాని పిల్ల పురుగులు పసుపు రంగులో ఒళ్లంతా కొమ్మలు కొమ్మలుగా ముళ్లతో ఉంటాయి, గుడ్లు ఆకు అడుగున పసుపు రంగులో నిలువుగా గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి. పేనుబంక ఉన్న ఆకు మీద నున్నటి చుక్కల పురుగు కనిపిస్తే దాన్ని ముట్టుకోవద్దు. అక్షింతల పురుగుకి మేము మందు జోలికే పోలేదు. పొద్దున చల్లవేళ అవి మందకొడిగా ఉంటాయి, కొమ్మ కింద సబ్బు నీళ్ల బకెట్ పెట్టి కొమ్మని దులిపితే పడిపోతాయి. గుడ్లున్న ఆకుల్ని తుంచి అదే బకెట్లో వేశాం. మొవ్వులు కోసేటప్పుడే ఇదీ కలిపి చేశాం కాబట్టి విడిగా పని అనిపించలేదు.

కాయ మొదలయ్యాక ఒక మార్పు వచ్చింది, దీన్ని మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. వాలే మొవ్వులు బాగా తగ్గిపోయాయి. పనివాళ్లంతా సంతోషపడ్డారు. కానీ పురుగు తగ్గితే బుట్టల్లో కూడా తగ్గాలి కదా, అక్కడ తగ్గలేదు. కాయ దొరికితే ఈ పురుగు మొవ్వు కంటే కాయనే ఎక్కువ ఇష్టపడుతుంది, అంతే. అందుకని మా చూపు మొవ్వుల మీంచి కాయల మీదికి మారింది. పిందెలోకి దూరిన కన్నం పైకి కనపడనంత చిన్నది, కాయ పెరిగేకొద్దీ పూడిపోతుంది, చాలాసార్లు ముచ్చిక కిందే దూరుతుంది. మనకి కనపడే గుండ్రటి పెద్ద కన్నం పురుగు బయటికి వెళ్లిపోయిన దారి. అంటే పెద్ద కన్నం ఉన్న కాయని చూసి పారేసినంత మాత్రాన పురుగు మనకి దొరకలేదు, అది అప్పటికే మట్టిలో గూటిలో ఉంది. దొరకాల్సినవి ఇంకా బయటికి రానివి. వంకర తిరిగిన కాయ, ఒక పక్క గుంట పడిన కాయ, ముచ్చిక దగ్గర చిన్న విసర్జన చుక్క ఉన్న కాయ, ఇలాంటివి లోపల పురుగుతో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివి కనిపిస్తే అమ్మకానికి పనికొస్తుందేమో అని ఆశపడకుండా కోసి సంచిలో వేయించాను.

కోత ఆలస్యం చేయకపోవడం కూడా పురుగుని తగ్గించే పనే. లేతగా ఉండగానే మూడు నాలుగు రోజులకి కోసేస్తే లోపలి పురుగు పెరిగి బయటపడే సమయం ఉండదు, కాయతో పాటే తోట దాటుతుంది. చెట్టున ముదిరిపోయిన కాయల్ని వదిలేస్తే అవే పురుగుల పుట్టలు. కోసిన కాయల్ని ఏరేటప్పుడు పుచ్చువి వేరు చేసి గట్టు మీద పోసి వెళ్లిపోవడం చాలా చోట్ల చూశాను. ఆ కుప్పలోంచి పురుగులన్నీ నడిచి మళ్లీ తోటలోకే వస్తాయి. మా దగ్గర పుచ్చువి ఏ రోజువి ఆ రోజే పూడ్చిపెట్టడం కోత పనిలో భాగం చేశాం, అది అయ్యాకే కోత పూర్తయినట్టు.

మందు ఎప్పుడు వాడానంటే, ముసురు పట్టి కొన్ని రోజులు తోటలోకి దిగలేకపోయాం. కత్తెర పని ఆగింది, వేప కడిగేసుకుపోయింది, తెరిపిచ్చాక చూస్తే బుట్టలు నిండుగా ఉన్నాయి, పుచ్చు కాయలు ఒక్కసారిగా పెరిగాయి. అప్పుడు ముందు కోతకొచ్చిన కాయలన్నీ కోసేసి, పుచ్చువి పూడ్చి, ఆ సాయంత్రం ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం ఎస్‌జి (నీటిలో కరిగే గుళికలు) లీటరు నీటికి 0.4 గ్రాముల లెక్కన కొట్టాం. వరస ముఖ్యం: ముందు ఏరివేత, తర్వాత మందు. కొత్తగా పగిలే గుడ్ల నుంచి వచ్చే పిల్లలు మాత్రమే మందుకి దొరుకుతాయి కాబట్టి, లోపలున్న వాటిని చేత్తో తీసేశాక కొడితేనే దాని విలువ. డబ్బా మీద రాసిన రోజులు ఆగి ఆ తర్వాతే కోశాం. ఇంకోసారి అవసరం పడితే అదే మందు కాకుండా వేరే గ్రూపుది, క్లోరాంట్రానిలిప్రోల్ లాంటిది వాడాలనుకున్నాను, కానీ దానికి కోతకి ముందు ఆగాల్సిన రోజులు ఎక్కువ, కాపు మధ్యలో కుదరదు. అది పూతకి ముందు, మొవ్వుల దశలో అయితేనే వీలు. పురుగు మీద మందు పనిచేసే తీరుని బట్టి గ్రూపు నంబరు ఉంటుంది, పేరు మారినా నంబరు ఒకటే అయితే అది మార్పు కాదు, అదే పనిగా వాడితే పురుగు అలవాటు పడిపోతుంది.

సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. వాటితో మొదట పురుగు రాలినట్టే ఉంటుంది, కానీ సాలీళ్లు, మిత్ర పురుగులు కూడా పోతాయి, ఆ తర్వాత తెల్లదోమ, ఎర్రనల్లి విరగబడతాయి. రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టడం కూడా నేను ఒప్పుకోను. ఏది పనిచేసిందో తెలియదు, కొట్టేవాడి ఒంటికీ ప్రమాదం. మాస్కు, చేతి తొడుగులు లేకుండా పంపు వీపుకి ఎత్తనివ్వలేదు. ఇంకొకటి, పొద్దున పూట మందు వద్దు. వంగ పువ్వులో పుప్పొడి తుమ్మెద పట్టుకుని ఊపితే బాగా రాలుతుంది, పొద్దున మా తోటలో ఆ గుయ్యిమనే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అవి తిరిగే వేళ మందు కొడితే కాయ పట్టడం మీద మనమే దెబ్బ కొట్టుకున్నట్టు.

ఎండలు ముదిరాక ఎర్రనల్లి కొంచెం కనిపించింది. ఆకు పైన తెల్లటి సన్నటి చుక్కలు, అడుగున సన్నటి గూడు, చేత్తో తడిమితే దుమ్ములా తగులుతుంది. దారి పక్క సాళ్లలో, దుమ్ము పడే చోట ఎక్కువ. ముందు నీళ్లతో ఆకు అడుగు తడిసేలా గట్టిగా కొట్టించాను, పట్టిన ఆకులు తీసేయించాను, తగ్గనిచోట నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, మండే ఎండలోనూ కొట్టకూడదు, ఆకు మాడుతుంది. అందుకే నల్లి కనపడగానే ఆ సాళ్లలో వేప కొట్టడం ఆపేశాం.

ఫలితం ఏమిటంటే, పుచ్చు పూర్తిగా పోలేదు. ఏ కోతలోనైనా కొన్ని ఉంటూనే ఉన్నాయి. కానీ ఏరి పారేసే కుప్ప అమ్మే కుప్పతో పోటీ పడే రోజులు పోయాయి, ముసురు తర్వాత వచ్చిన ఆ ఒక్క దఫా తప్ప కోత కోతకి మందు కొట్టాల్సిన అవసరం రాలేదు. నాకు ముఖ్యం అదే, మా తోట కాయ ఇంట్లో పిల్లలకి పెట్టడానికి వెనకాడే పరిస్థితి లేదు. బీటీ వంగ, అంటే తొలుచు పురుగుని తట్టుకునేలా జన్యువు చేర్చిన వంగ, వస్తే ఇవన్నీ అక్కర్లేదు కదా అని కొందరంటారు. భారతదేశంలో 2010 ఫిబ్రవరిలో దాన్ని నిలిపివేశారు, బంగ్లాదేశ్‌లో 2013లో అనుమతిచ్చారు. వాదన ఎలా ఉన్నా, అది ఆపేది తొలుచు పురుగునే. పచ్చదోమ, తెల్లదోమ, నల్లి, వెర్రి తెగులు దానికి లొంగేవి కావు. తోటలో తిరగడం ఎలాగూ తప్పదు.

చివరి కోత అయ్యాక మోళ్లు ఎండేదాకా పొలంలో ఉంచలేదు. పచ్చిగా ఉండగానే పీకి, రాలిన ఆకులతో సహా పోగుచేసి తగలబెట్టాం, వెంటనే లోతుగా దున్నాం, మట్టిలో ఉన్న గూళ్లు ఎండకి, పక్షులకి బయటపడేలా. బుట్టల్ని మాత్రం ఇంకొన్ని వారాలు అలాగే ఉంచాం, మిగిలిన గూళ్లలోంచి వచ్చేవి కూడా పడతాయని, నిజంగానే కొన్ని పడ్డాయి. అదే మడిలో వెంటనే మళ్లీ వంగ కానీ, టమాటా, మిరప కానీ వేయడం లేదు. బెండ వేద్దామని నాన్న అన్నారు, కానీ పచ్చదోమకి బెండ కూడా ఇష్టమైన పంటే, వంగ మీద పెరిగిన దోమకి మళ్లీ తిండి పెట్టినట్టవుతుంది. ఈ దఫా మొక్కజొన్న అనుకున్నాం. వంగ నారు మళ్లీ పోసేలోపు పక్క పొలం అన్న మోళ్లు కూడా తీసేస్తానన్నాడు, ఆ పనికి మేమూ వెళ్తున్నాం.